పొగమేడ మీది దీపం

పడమటి కొండల వెనక్కి పొద్దు వాలుతున్న ఆ సాయంత్రం హేమగిరి దుర్గాన్ని చూసినవారు ఎవరైనా సరే, ఇంతటి ఐశ్వర్యం భూమండలం మీద మరొకచోట ఉండదని ఒట్టు వేసి చెప్పి ఉండేవారు. కొండ చరియలను చుట్టుకుంటూ లేచిన ప్రాకారాలు, వాటి మీద కొత్తగా సున్నం పూసిన బురుజులు, బురుజుల నడుమ రెపరెపలాడే పసుపుపచ్చని పతాకాలు, నడికోటలో స్వామివారి ఆలయ శిఖరం మీద నిరుడే ఎక్కించిన బంగారు కలశం, రాజవీధికి ఇరువైపులా పట్టుబట్టలూ కర్పూరమూ మిరియాలూ రాశులు పోసుకుని కూర్చున్న దేశదేశాల వర్తకులు, అన్నీ ఆ ఎర్రని వెలుగులో తళతళలాడుతున్నాయి. సముద్రం మీద ఓడలు నడిపే బేహారులు సైతం ఈ కొండ పేరు చెబితే చేతులు జోడించేవారు. ధనాగారంలో కొత్తగా వచ్చిన సొమ్ముకు చోటు చాలక, దాని పక్కనున్న గజశాలను ఖాళీ చేయించి, ఏనుగులను తీసుకుపోయి ఎండలో కట్టేశారు. ఏనుగుల సంగతి ఎవరూ అడగలేదు.

ఆ వైభవమంతటికీ పైన, కోటలోకెల్లా ఎత్తైన చోట, పొగమేడ ఉంది. నాగదేవ మహారాజు తాతగారు కట్టించిన రాతి బురుజు అది. దుర్గం కట్టకముందు ఆయన ఈ లోయలోనే పశువులు కాచుకున్న మనిషి, ఆకలి ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి. అందుకని తన వంశానికి ఒక కట్టడి పెట్టి పోయాడు. ప్రతి సాయంత్రమూ రాజు ఈ మేడ ఎక్కాలి. తూర్పు లోయ పల్లెల్లో పొయ్యిల పొగ లేవడం కళ్ళారా చూడాలి. ప్రజల ఇళ్ళలో ఎసరు పెట్టారని రూఢి అయిన తరువాతనే తాను విస్తరి ముందు కూర్చోవాలి. రాజు భోజనానికి దిగుతూ మేడ మీద దీపం పెట్టిస్తాడు. అది చూసి లోయలోని జనం, దొర తింటున్నాడు అనుకుని, తామూ అన్నానికి కూర్చుంటారు. రాజ్యానికి ఆపద వచ్చి మేడ మీది పెద్దభేరి మోగిన నాడు, పొగ లేచే ప్రతి ఇంటి నుంచీ ఒక బంటు ఆయుధం పట్టుకుని కోటకు రావాలి. రాజు కాలం చేసిన రాత్రి మాత్రం రాజ్యంలో ఏ ఇంటా పొయ్యి వెలగకూడదు. రాజుకూ జనానికీ నడుమ ఉన్న ఒప్పందమంతా అంతే. దానికి శాసనం చెక్కించవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

ఆ సాయంత్రం కేతయ నాయకుడు రాజుకు ఒక అడుగు వెనుకగా పొగమేడ మీద నిలుచున్నాడు. హేమగిరి సేనలకు అతడు నాయకుడు. ఎడమ చెంప మీద పాత కత్తిగాటు, చెవుల దగ్గర నెరిసిన జుట్టు. ఉత్తరపు సరిహద్దులో అడవి కోటలను కాపాడుతూ ఏళ్ళ తరబడి ఉండిపోయి, ఆ పూటే రాజధానికి తిరిగి వచ్చాడు. రాగానే మేడ ఎక్కి తూర్పుకు చూశాడు. అక్కడ, మునివాగు ఒడ్డున, అతడు పుట్టిన ఊరు జువ్విపాడు ఉంది.

"చూశావా నాయకా!" అన్నాడు నాగదేవ మహారాజు. పాతికేళ్ళవాడు, నవ్వితే ఇంకా చిన్నవాడిలా కనిపిస్తాడు. "మా తాతగారి కాలంలో ఈ లోయలో పొగ కనిపించాలంటే కళ్ళు చికిలించుకోవలసి వచ్చేదట. ఇప్పుడు చూడు, మబ్బు కమ్మినట్టు లేస్తోంది. ధనాగారం నిండింది, పల్లెల కడుపు నిండింది. రాజన్నవాడికి ఇంతకు మించి కావలసినది ఏముంది? ఇదంతా మన విద్దన పెగ్గడ చలవ."

విద్దన పెగ్గడ చేతులు జోడించి తల వంచాడు. రాజ్యపు మంత్రి అతడు. బక్కపలచని మనిషి, ఒంటి మీద ముతక నూలుబట్ట తప్ప మరొకటి కట్టడు, ఒంటిపూట భోజనం. "అంతా దేవరవారి పుణ్యం. నేను దారులు వేశాను, లక్ష్మి నడిచి వచ్చింది," అన్నాడు వినయంగా.

కేతయ కళ్ళు పొగ మీద లేవు, పొగ కింద దేనినో వెతుకుతున్నాయి. పశువులు ఇళ్ళకు మళ్ళే వేళ అది. ముందు మందల ధూళి లేవాలి, ఆ తరువాతే పొయ్యిల పొగ లేవాలి. చిన్ననాడు అతడు ఆ ధూళిలోనే పెరిగాడు. ఇవాళ లోయ పొడవునా ఎక్కడా పిడికెడు ధూళి కూడా లేదు. పైగా ఆ పొగ తెల్లగా, బరువుగా, పైకి పోలేక ఇళ్ళ కప్పుల మీదే పాకుతోంది. కంది కంపతో వండుకునే ఇంట్లో పొగ అలా రాదని పల్లెలో పుట్టిన వాడెవడికైనా తెలుసు. రాజు కోటలో పుట్టాడు.

మరునాడు కేతయ ఒంటరిగా గుర్రమెక్కి జువ్విపాడుకు పోయాడు. పొద్దు వాలేవేళకు ఊళ్ళోకి అడుగుపెడితే కుక్క కూడా మొరగలేదు. వీధులు శుభ్రంగా ఉన్నాయి. ప్రతి వాకిట తలుపుకు అడ్డంగా రోకలి కట్టి ఉంది. ఇల్లు విడిచి వెళ్ళిపోయేవాళ్ళు అలా కట్టి పోవడం ఆ సీమ ఆచారం. ఎప్పుడో ఒక ఇంటికి చూసి ఉంటాడు గానీ ఇలా వీధి వీధంతా చూడడం అతడికి ఇదే మొదటిసారి. మగ్గాల వీధిలో మగ్గం గుంటల నిండా వాననీళ్ళు నిలిచి, వాటిలో కప్పలు ఈదుతున్నాయి. కేతయ గుర్రం దిగి, తన మేనమామ ఇంటి గడప మీద చేయి ఆనించి చాలాసేపు నిలబడిపోయాడు. ఉత్తరాన మంచులో, జ్వరంలో, బాణాల వానలో అతడు ఏళ్ళ తరబడి కాపాడింది ఈ గడపలనే.

"ఎవరయ్యా అది, గుర్రంతో?" అని కేక వినబడింది.

వీధి చివర ఒక ముసలామె వస్తోంది. ఒక చేతిలో కుండపెంకు నిండా నిప్పులు, చంకలో తడిగడ్డి మోపు. కేతయ తల్లికి అక్క ఆమె, పేరు పోచసాని.

"నేను పెద్దమ్మా, కేతయను."

ఆమె దగ్గరికొచ్చి అతడి చెంప మీది గాటును వేలితో తడిమి చూసింది. "సచ్చినోళ్ళు, మొహం మీదే కొట్టారు," అంది. "ఉండు నాయనా, ఇంకా నాలుగిళ్ళు మిగిలినయ్. పొద్దుగూకితే పైనున్నోళ్ళ కళ్ళకి ఆనదు. ఈ పని కానిచ్చి వస్తా."

కేతయ ఆమె వెంట నడిచాడు. ఆమె ఒక్కో ఇంటి పెరటి దారిన లోపలికి పోయి, చల్లారిన పొయ్యిలో నాలుగు నిప్పులు వేసి, పైన తడిగడ్డి కప్పి, పొగ ఇంటికప్పులోంచి బయటికి రావడం చూసి, మళ్ళీ పక్కింటికి పోతోంది. ఏ ఇంట్లోనూ పొయ్యి మీద కుండ లేదు.

"ఊరంతా ఏమైంది పెద్దమ్మా?"

"పోయారు. వాగు దాటి, ఆ కొండల అవతల ఎవరిదో బీడునేల కొట్టుకుంటున్నారంట."

"పన్నులు కట్టలేకా?"

"పన్నులు ఎప్పుడు లేవు నాయనా? మీ తాతప్పుడు కట్టాం, కరువులో కట్టాం. అప్పుడు పోలేదే. మగ్గానికి పన్నన్నారు, కట్టారు. దూడ పుడితే పన్నన్నారు, కట్టారు. పెళ్ళి పందిరి గుంజలకి పన్నన్నప్పుడు ఊరంతా పడీపడీ నవ్వుకుని మరీ కట్టారు. ఆ తరవాత్తరవాత నవ్వడం మానేశారు. మగ్గాల వీధి మాచయ లేడూ? గుడి మీద బంగారు కలశం ఎక్కించిన్నాడు పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని చూడబోయాడు. తిరిగొచ్చి ఇదిగో, ఈ అరుగు మీదే కూచున్నాడు. 'అత్తా, మన ఊరే, మన కొండే, ఎవరింటికో పేరంటానికి పిలవకుండా పోయి గుమ్మంలో నిలబడ్డట్టుందే' అన్నాడు. ఆ నెల్లోనే పోయాడు. ఆ యెనక ఒక్కొక్కరే. ఎవరూ ఏడ్చి మొత్తుకోలేదు నాయనా. ఇక్కడ ఉండబుద్ధి కావడం లేదన్నారు, అంతే. అక్కడ గంజి తాగుతున్నారంట. కానీ సాయంత్రాలు పాటలు వినబడతాయంట."

"మరి ఈ పొగ?"

"పెగ్గడగారి మనుషులొచ్చి పల్లెకి ఒకరిద్దర్ని పెట్టారు. ఇంటింటికీ పొగ వేస్తే గింజలిస్తామన్నారు."

"గింజల కోసమా పెద్దమ్మా నువ్వు..." అని, ఆ మాట అన్నందుకు కేతయ వెంటనే నాలుక కరుచుకున్నాడు.

పోచసాని గడ్డి మోపు కింద పెట్టి అతడి వైపు తిరిగింది. "నా ఒక్కదాని కడుపుకి ఎంత కావాలిరా? రాజు పిల్లవాడు. తల్లి పోయేనాటికి ఉయ్యాల్లో ఉన్నాడు. పొగ కనబడకపోతే విస్తరి ముట్టడంట కదా. నేనొక్క పూట మానితే ఆ పిల్లవాడు పస్తు పడుకుంటాడు. ఈ చేతుల్తో ఆ పని చేయమంటావా?"

"నువ్వు వేసే పొగ వల్లే ఆయనకు నిజం తెలియడం లేదమ్మా."

"తెలిస్తే ఏం చేస్తాడు? అన్నం మానేస్తాడు. ముందు తిననీ. తిన్నవాడికి బుద్ధి అదే వస్తుంది."

అంతలో దూరాన కొండ మీద, పొగమేడ మీద, చిన్న దీపం వెలిగింది. పోచసాని రెండు చేతులూ జోడించి, "కూర్చున్నాడు," అంది. అప్పుడు గానీ ఆమె తన అంబలి ముంత దగ్గరికి పోలేదు. కేతయ సేనలకు ఆజ్ఞలిచ్చిన మనిషి. ఆ ముసలిదానికి ఇక పొగ వేయవద్దని ఆజ్ఞ ఇవ్వడానికి మాత్రం అతడికి నోరు రాలేదు. ఆమె పోసిన అంబలి తాగి, కళ్ళు తుడుచుకుని, కోటకు తిరిగి వచ్చాడు.

మరునాడు నిండు సభలో లేచి నిలబడ్డాడు.

"మహాప్రభూ! కత్తి పట్టిన చేతికి మాటలు కూర్చడం రాదు, తప్పులుంటే మన్నించండి. తమరు చూస్తున్న పొగ కింద మనుషులు లేరు. తమ పొలాలు తామే విడిచి, తమ మగ్గాలు తామే విప్పుకుని, జనం వాగు దాటి పోయారు. తడిగడ్డి కాల్చి దేవరవారిని ప్రతి రాత్రీ భోజనానికి కూర్చోబెడుతున్నారు. శత్రువు వచ్చిన నాడు తమరు భేరి మోగిస్తే ఆ పొగలోంచి ఒక్క బంటు నడిచి రాడు. నా మాట నమ్మవద్దు. ఒక్క సాయంత్రం పొయ్యిలు ఆర్పమని చాటింపు వేయించండి. వంట కోసం కాక, కూలి కోసం వేసే పొగ అయితే చాటింపు వినగానే ఆగిపోతుంది. పిల్లల ఆకలి ఉన్న ఇంట్లో ఆగదు. ఎన్ని ఇళ్ళలో లేస్తుందో తమరే చూడండి."

సభలో కలకలం రేగింది. విద్దన పెగ్గడ నెమ్మదిగా లేచాడు. అతడి మొహంలో కోపం లేదు.

"నాయకుడు రాజ్యం కోసం రక్తం ధారపోసినవాడు, ఆయనను నేను తప్పుపట్టను. ఎవరో కొందరు వలస పోయి ఉండవచ్చు, పోనివ్వండి. ప్రభూ, నా బాల్యంలో ఈ రాజ్యం కరువొస్తే పక్క రాజుల వాకిట గింజలకు చేయిచాచింది. ఆ వరుసలో మా అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ నిలబడ్డాను. ఇక జన్మలో హేమగిరి ఎవరి ముందూ చేయిచాచకూడదని ఆనాడే అనుకున్నాను. ఇవాళ ఆ రాజులే మన గుమ్మంలో నిలబడుతున్నారు. ధనం ఉన్నచోటికి జనం రాకేం చేస్తారు? ఇంటికొక బంటును అడుక్కోవలసిన పని మనకెందుకు, ఏ దేశం నుంచైనా ఆరితేరిన దండును తెచ్చుకోగల స్తోమత ఉన్నప్పుడు? ఇక నాయకుడు కోరిన పరీక్ష సంగతి. ఈ రాజ్యంలో పొయ్యిలు ఆర్పించేది ఎప్పుడో సభకు నేను వేరే చెప్పాలా? బతికి ఉన్న రాజుకు ఆ అశుభం కోరడం న్యాయమో కాదో పెద్దలే చెప్పాలి."

రాజు మొహం పాలిపోయింది. అతడికి కత్తి పట్టడం నేర్పినవాడు కేతయే. చిన్నప్పుడు గుర్రం మీది నుంచి పడితే ఎత్తుకుని పరుగెత్తినవాడూ కేతయే. అందువల్ల ఆ మాట మరింత లోతుగా దిగింది.

"నాయకా," అన్నాడు చివరికి. "నా కళ్ళతో నేను చూస్తున్నదాన్ని లేదంటున్నావు. నా చావు రాత్రిని బతికుండగానే చూపమంటున్నావు. ఇంకెవరైనా అయితే ఈ మాటకు తల తీయించేవాడిని. సేనాధిపత్యం వదిలిపెట్టు. తూర్పు దిడ్డి వాకిలికి కావలి ఉండు. అక్కడి నుంచి చూస్తే నీ ఊరు దగ్గరగా కనిపిస్తుంది, పొగ నిజమో కాదో తీరుబడిగా చూసుకో."

"చిత్తం," అన్నాడు కేతయ. నాయకుడి ఖడ్గాన్ని సింహాసనం మెట్ల మీద ఉంచి, కావలివాడి ఈటె తీసుకుని, కోట వెనుక లోయలోకి దిగే ఆ చిన్న వాకిలి దగ్గరకు వెళ్ళిపోయాడు.

కోతలు అయిన తరువాత పడమటి రాజు వచ్చి పడ్డాడు. హేమగిరి సంపద కీర్తి ఏ వర్తకుల నోట దేశదేశాలకూ పాకిందో, ఆ వర్తకుల వెనకే అతడి దండూ దారి కనుక్కుంది. పెగ్గడ ముందే తెప్పించి ఉంచిన కూలి దండు కొన్నాళ్ళు బాగానే పోరాడింది. ఆ తరువాత పడమటి రాజు ధనాగారంలో వాటా ఇస్తానని కబురంపాడు. మరునాటి ఉదయానికి బురుజుల మీద వాళ్ళ వంట పాత్రలు మాత్రం మిగిలాయి. డబ్బు కోసం వచ్చినవాళ్ళు డబ్బు కోసం పోయారు, వాళ్ళను తిట్టి మాత్రం ఏం లాభం?

అప్పుడు రాజు పెద్దభేరి మోగించాడు. తాతగారి తరువాత ఆ భేరి మోగడం అదే మొదలు. దాని చప్పుడు కొండకొండకూ తగిలి లోయ దాటి, వాగు దాటి పోయింది. సాయంత్రం రాజు మేడ ఎక్కాడు. శత్రువు జెండాలు కనిపించగానే పెగ్గడ పెట్టిన పొగ కూలీలు పారిపోయారు, లోయ అంతా బోసిగా ఉంది. ఒక్క జువ్విపాడులో మాత్రం ఇంటింటి మీదా పొగ లేస్తోంది.

"మిగతా ఊళ్ళు బెదిరిపోయాయి. జువ్విపాడు మాత్రం కదలలేదు, చూశారా!" అన్నాడు రాజు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కేతయ పుట్టిన ఊరు. వాళ్ళు వస్తారు. వాళ్ళు కదిలితే లోయంతా కదులుతుంది."

మరునాడు పడమటి రాజు దూత వచ్చాడు. ధనాగారం అప్పగిస్తే ముట్టడి ఎత్తివేస్తామనీ, కోటలో ఒక్క ప్రాణికీ హాని చేయమనీ చెప్పాడు. విద్దన పెగ్గడ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. రాజు తూర్పుకు చేయి చూపి, "నా ప్రజలు ఉన్నారు. వాళ్ళు వచ్చాక మీ రాజునే అడిగి చూడమను," అని దూతను పంపించేశాడు. ఆ సాయంత్రమూ పొగ లేచింది. ఆ మరుసటి సాయంత్రమూ లేచింది. వాకిలి దగ్గర ఈటె పట్టుకుని నిలబడ్డ కేతయ ఆ పొగను చూసి గోడకు తల ఆనించుకునేవాడు. మూడుసార్లు రాజు దర్శనానికి కబురు పెట్టాడు, మూడుసార్లూ లేదన్నారు.

పడమటి గోడ కూలిన నాటి సాయంత్రం విద్దన పెగ్గడ పొగమేడ మీద రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"ఎవరూ రారు ప్రభూ," అన్నాడు. "ఆ పొగ నేను వేయించినది. లోయ ఎన్నడో ఖాళీ అయింది. నాయకుడు చెప్పినది ప్రతి అక్షరమూ నిజం. పోయినవాళ్ళు మళ్ళీ వస్తారనీ, అంతవరకూ తమరి మనసు నొప్పించడం ఎందుకనీ అనుకున్నాను. నా కోసం ఒక్క కాసు దాచుకోలేదు ప్రభూ, నా ఇల్లు వెతికించుకోండి!"

రాజు తూర్పున లేస్తున్న పొగకేసి చూశాడు. తరువాత అన్నాడు: "నువ్వు దొంగవైనా బాగుండేది పెగ్గడా. దొంగను శిక్షించి నిద్రపోయేవాణ్ణి. నువ్వు నేను కోరినదే తెచ్చిపెట్టావు, నేను చూడాలనుకున్నదే చూపించావు. లే. ఎవరినైనా పంపి కేతయను పిలిపించు."

కేతయ వచ్చి మోకరిల్లాడు. రాజు అతడిని భుజాలు పట్టి లేపి, తూర్పు గోడ దగ్గరకు నడిపించుకు వచ్చాడు. దూరాన జువ్విపాడు కప్పుల మీద తెల్లని పొగ పాకుతోంది.

"ఆ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కతే ప్రభూ. మా పెద్దమ్మ."

"దండు ఇంత దగ్గర ఉంటే పారిపోక, ఇంకా ఎందుకు వేస్తోంది? ఇక గింజలిచ్చే వాళ్ళు కూడా లేరే."

కేతయ తల వంచుకున్నాడు. "దేవరవారు భోంచేయాలని," అన్నాడు.

రాజు గోడ మీద రెండు చేతులూ ఆనించి వంగిపోయాడు. పాతికేళ్ళ ఆ మనిషి పసివాడిలా ఏడ్చాడు. మేడ మీద ఉన్నవారెవరూ అతడిని ఓదార్చే ధైర్యం చేయలేదు. అంతా అయ్యాక మొహం తుడుచుకుని, "ఈ పూట నాకు విస్తరి వద్దు," అన్నాడు. "కానీ దీపం పెట్టండి. లేకపోతే ఆమె తినదు."

ఆ పూట దీపం పెట్టారు.

తెల్లవారగానే రాజు కోటలోని జనమంతటినీ తూర్పు దిడ్డి దగ్గర చేర్పించాడు. శత్రువు బలమంతా పడమటి గండి వైపు ఉంది. వాగులోకి దిగే ఇరుకు దారి ఇంకా వాళ్ళ కంట పడలేదు. "వీళ్ళను తీసుకుని వాగు దాటించు," అన్నాడు రాజు. "మనల్ని విడిచి పోయినవాళ్ళు ఉన్న చోటికే తీసుకుపో. వాళ్ళు కాదనరు. కాదంటే నా పేరు చెప్పకు, నీ పేరు చెప్పు."

"నా చోటు గండి దగ్గర ప్రభూ," అన్నాడు కేతయ. "ఇన్నేళ్ళు బతికింది అక్కడ నిలబడడానికే. ఇది ఒక్కటి నన్ను కోరుకోనివ్వండి."

"నీ చోటులో నేను నిలబడతాను. రాజుకు ఇంకేం పని మిగిలింది? ఇది ఆజ్ఞ నాయకా." సింహాసనం మెట్ల మీద నాడు కేతయ వదిలిన ఖడ్గాన్ని రాజు తన చేతులతో అతడి నడుముకు కట్టాడు. "జువ్విపాడు మీదుగా పో. ఆ తల్లిని వెంట తీసుకుపో. ఇక పొయ్యిలు ఆర్పుకోమని నా మాటగా చెప్పు."

గండిని మూయడానికి రాళ్ళు చాలలేదు. ధనాగారం ఇనుప తలుపులు ఊడబెరికి తెచ్చి అడ్డం పెట్టారు. తలుపులు లేని ఆ గదుల్లో బంగారం ఎండకు మెరుస్తూ పడి ఉంటే, దాని పక్కనుంచి రాళ్ళు మోసుకుపోయే మనిషి ఒక్కడూ అటు తిరిగి చూడలేదు. కేతయ చివరిసారి వెనక్కి చూసినప్పుడు, ఆ తలుపుల వెనుక నాగదేవ మహారాజు కత్తి దూసి నిలబడి ఉన్నాడు. పక్కన విద్దన పెగ్గడ, ముతక నూలుబట్టతోనే, ఎన్నడూ పట్టని కత్తిని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

వాగు దారిలో పసిపిల్లలను ఎత్తుకుని, ముసలివాళ్ళను భుజాన మోసి, వెన్నాడిన గుర్రపు రౌతులను ఇరుకు మలుపులో ఒంటరిగా ఆపి, తొడ మీద బల్లెపు పోటు తిని, పొద్దు వాలేసరికి కేతయ జనాన్ని రేవు దాటించాడు. అప్పటికి కొండ మీద నల్లని పొగ లేస్తోంది. దానికీ వంటకూ సంబంధం లేదని చూసిన ప్రతివాడికీ తెలిసింది. కేతయ జనాన్ని ముందుకు నడవమని చెప్పి, కుంటుకుంటూ వెనక్కి తిరిగి, జువ్విపాడులోకి వచ్చాడు.

పోచసాని వీధి నడుమ నిప్పుల పెంకు పట్టుకుని కొండకేసి చూస్తోంది. ఊళ్ళో ప్రతి ఇంటి మీదా పొగ దట్టంగా ఉంది.

"దీపం పెట్టలేదింకా," అంది. "గాలికి పొగ ఆనలేదేమోనని మళ్ళా ఇంటింటికీ వేశా. అటు నుంచేగా వస్తున్నావ్? తిన్నాడా?"

కేతయ జీవితంలో ఏ ప్రభువు ముందూ, ఏ శత్రువు ముందూ అబద్ధమాడలేదు.

"తిన్నాడు పెద్దమ్మా."

"ఏం తిన్నాడు?"

అతడు నోరు తెరిచాడు. ఒక్క కూర పేరైనా, ఒక్క పచ్చడి పేరైనా నోటికి రాలేదు. పోచసాని అతడి మొహంలోకి చూసింది, అతడి తొడ మీది నెత్తురు చూసింది, దీపం లేని మేడకేసి చూసింది. ఇంకేమీ అడగలేదు. పెంకులోని నిప్పులను వీధిలో గుమ్మరించి, అంబలి ముంత తెచ్చి వాటి మీద పోసింది. తరువాత కడవతో నీళ్ళు తీసుకుని, మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి, ఒక్కో పొయ్యి ఆర్పుకుంటూ వచ్చింది. కేతయ కడవ అందుకోబోతే ఇవ్వలేదు. అన్నీ ఆరిపోయాక తన ఇంటి తలుపుకు రోకలి అడ్డంగా కట్టి, "పద," అంది.

వాళ్ళు కొండల అవతలి పల్లెకు చేరేసరికి చీకటి పడింది. గుడిసెల ముందు పొయ్యిలు మండుతున్నాయి. వలస వచ్చినవాళ్ళు కోట జనానికి చాపలు పరిచి, పెద్ద పెద్ద కుండలతో సంగటి కెలుకుతున్నారు. మగ్గాల వీధి మాచయ ఎదురొచ్చి కేతయను అరుగు మీద కూర్చోబెట్టి, గాయానికి కట్టు కట్టాడు. కడుతూ కడుతూ తల ఎత్తకుండా అన్నాడు:

"భేరి ఇక్కడిదాకా వినబడింది నాయకా. మా పిల్లలు అడిగారు కూడా, అదేం చప్పుడని. మమ్మల్నే పిలుస్తున్నారని మాకు తోచలేదు."

ఇక పొయ్యిలు ఆర్పుకోమన్న రాజు చివరి ఆజ్ఞ గుర్తొచ్చి కేతయ లేచి నిలబడ్డాడు గానీ, పొయ్యిల చుట్టూ ఆకలితో కూర్చున్న పిల్లలను చూసి మళ్ళీ కూర్చున్నాడు. అప్పుడు జనం నడుమ నుంచి పోచసాని నడిచి వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా మాచయ పొయ్యి ముందు చతికిలబడి, మండుతున్న కట్టెలను ఒక్కొక్కటే బయటికి లాగి మట్టిలో పొడిచింది.

మాచయ భార్య చేతిలో తెడ్డు అలాగే ఆగిపోయింది. ఆమె కొండ వైపు చూసింది. తరువాత తానూ వంగి, మిగిలిన కట్టె బయటికి లాగింది. పక్క గుడిసెలో ఇంకొకరు లాగారు. ఆ పక్కన ఇంకొకరు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒక పసివాడు ఆకలని ఏడిస్తే తల్లి వాడిని ఒళ్ళోకి తీసుకుని, "ఇవాళ కాదు నాన్నా, రేపు," అంది. ఆ రాత్రి హేమగిరిలో గానీ, తూర్పు లోయలో గానీ, ఆ రాజ్యం వద్దని విడిచి వచ్చినవాళ్ళ పల్లెలో గానీ, ఏ ఇంటా పొయ్యి వెలగలేదు.